స్కాలప్ గిటారా, ఫ్రెట్‌లెస్సా, స్లైడా: గమకానికి ఏది మేలు?

అనంతపురంలో మా ఇంటికొచ్చి గోడకున్న వాయిద్యాలు చూసిన పిల్లలందరూ అడిగేది ఒకటే. "కర్ణాటక సంగీతం వాయించాలంటే గిటార్‌ను ఎట్ల మార్పించుకోవాలన్నా, యాది మేలు?" నేను కూడబెట్టిన ఎనిమిది వాయిద్యాల్లో మూడు ఈ ప్రశ్న కోసమే చేయించుకున్నవి. ఈమధ్య నాలుగోది చేయించాలనిపించి, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని వారం పాటు తోడి రాగం ఒక్కటే వాయించి చూశాను.

తోడి ఎందుకంటే, అందులో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. వీణలో ఒక్క మీటు మీద ఆ ఊపంతా, అంటే గమకమంతా, పలుకుతుంది. ప్రతి స్వరానికీ మళ్లీ మీటితే అది గమకం కాదు, విడివిడి స్వరాల వరస. అందుకే నేను చూసేది ఒకటే: ఒకసారి మీటిన నాదం ఎంతసేపు నిలుస్తుంది, అది ఆరిపోయేలోపు ఎంత లాగగలం?

ఫ్రెట్‌లెస్ మీదే నాకు మొదట ఎక్కువ ఆశ ఉండేది. పాత నైలాన్ తీగల గిటార్‌కు ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు, పీకించి, ఆ గాళ్లలో సన్నని చెక్క ముక్కలు అతికించాను. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, దీని మీద ఎంత బాగా పలుకుతుందో! వేలు ఎక్కడ ఆపితే అక్కడ స్వరం. కానీ గట్టి ఫ్రెట్ లేనప్పుడు తీగను ఆపేది మెత్తని వేలే కాబట్టి నాదం తొందరగా ఆరిపోతుంది. గాంధారం రెండో ఊపు ఊగేసరికి వినబడేది వేలి రాపిడే. నాదాన్ని స్పీకరుకు పంపే పికప్ పెట్టి చూశాను. కొంత ఆదుకుంది కానీ విళంబంలో, అంటే నెమ్మది నడకలో, అదీ చాలలేదు. పైగా మా ఎండలకు ఆ అతికించిన ముక్కలు మూడుచోట్ల లేచాయి.

స్కాలప్ సంగతి వేరు. ఫ్రెట్‌కూ ఫ్రెట్‌కూ మధ్య చెక్కను గుంటగా తీసేస్తారు కాబట్టి వేలు చెక్కకు తగలదు, తీగ కిందికి దూరి దాన్ని పట్టుకుంటుంది. ఫ్రెట్ ఉంది కనుక నాదం నిలుస్తుంది, రాపిడి లేదు కనుక పక్కకు లాగడం తేలిక. వీణ పద్ధతి ఇదే కదా! 1970లలో మన సంగీతాన్నీ జాజ్‌నూ కలిపిన శక్తి బృందంలో ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటార్‌కూ ఇలాంటి గుంటలే ఉండేవి. నాది మామూలు ఎలక్ట్రిక్ గిటార్. పాతూరులో తలుపులు చేసే వడ్రంగి, నేను పక్కన కూర్చుని కొలుస్తుండగా, సన్న పైపుకు గరుకు కాగితం చుట్టి రెండు రోజులు అరగదీశాడు. గుంట లోతు రెండు మిల్లీమీటర్లు దాటనివ్వలేదు. సన్నని తొమ్మిదో నంబరు తీగలు వేసి, శ్రుతిని రెండు స్వరస్థానాలు దించాను. అంత దించితే తీగ బిగువు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. ఇప్పుడు రిషభం ఫ్రెట్ మీద నుంచే మధ్యమం దాకా, అంటే నాలుగు స్థానాలు, ఒకే మీటులో లాగగలుగుతున్నాను. మొదటిసారి ఆ గాంధారం సరిగ్గా పలికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీనికీ బాధలున్నాయి. గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. ఆ అలవాటు మానడానికి నాకు మూడు నెలలు పట్టింది. కార్డులు, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి, వాయించేవాళ్లకు ఇది చేయించుకోమని చెప్పను. తీసేసిన చెక్క మళ్లీ రాదు. కాబట్టి నాలుగు స్క్రూలతో బిగించే మెడ ఉన్న గిటారే తీసుకోండి. విడిగా ఇంకో మెడ కొని దాన్ని చెక్కించుకుంటే అసలుది భద్రంగా ఉంటుంది.

స్లైడ్ గిటార్‌లో నాదానికి కొదవ లేదు. తీగలు ఎత్తుగా ఉంటాయి, ఉక్కు కడ్డీ జరిపితే చాలు, ఆలాపన గొంతులాగే సాగుతుంది. ఫ్రెట్లు లేకుండా కడ్డీ జరిపి వాయించే చిత్రవీణ వినేవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది. నా చేతిలో మాత్రం జంట స్వరాలు, వేగంగా పోయే స్వరకల్పన దీని మీద అలుక్కుపోతున్నాయి. రోజుకు మూడు గంటలు కూర్చోగలిగితే దీని సంగతి ఆలోచించండి.

మాండలిన్ గురించి కూడా అడుగుతారు. పాలకొల్లు యు. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించారు. మామూలు మాండలిన్ కొని ఆ నాదం రావాలంటే రాదు. ఉకులేలే ఈ పనికి వద్దు.

నాలుగోదీ స్కాలపే చేయిస్తున్నాను, ఈసారి మెడ విడిగా కొని. పని మాత్రం వానలు పడ్డాకే. మా వేసవిలో మెడ చెక్క ఎండి కుంచించుకుపోయి ఫ్రెట్ల అంచులు బయటికొచ్చి వేలికి గుచ్చుకుంటాయి. అలాంటప్పుడు తీసిన కొలతలు సెప్టెంబరుకు నిలవవు.