కన్వర్జ్‌డా, హైపర్‌కన్వర్జ్‌డా: రెండూ ఏళ్ల తరబడి నడిపాక

కన్వర్జ్‌డ్, హైపర్‌కన్వర్జ్‌డ్ అనేవి డేటా సెంటర్‌లో సర్వర్లు, స్టోరేజ్, నెట్‌వర్క్‌ను కలిపి కట్టే రెండు పద్ధతులు. కొనేముందు అందరూ అడిగేది ఎన్నాళ్లలో పని మొదలవుతుందని. నడపడం మొదలుపెట్టాక ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. ఈ రెండు పద్ధతుల అసలు స్వభావం బయటపడేది సామర్థ్యం పెంచేటప్పుడు, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు.

ఫ్లెక్స్‌పాడ్ లాంటి కన్వర్జ్‌డ్‌లో సర్వర్లు, స్విచ్‌లు, స్టోరేజ్ అరే (డిస్కులన్నీ ఉండే ప్రత్యేక పెట్టె) విడివిడిగానే ఉంటాయి, కాకపోతే కలిపి పరీక్షించిన కూర్పుగా వస్తాయి. న్యూటానిక్స్, వీశాన్ లాంటి హైపర్‌కన్వర్జ్‌డ్‌లో మామూలుగా అరే ఉండదు. నోడ్లలోని, అంటే సర్వర్లలోని, డిస్కులన్నిటినీ సాఫ్ట్‌వేరే ఒక్క స్టోరేజ్‌గా చూపిస్తుంది.

ఈ రెండోదానిలో ఎక్కువమంది దెబ్బతినేది స్థలం లెక్కలో. 20 టీబీ చొప్పున నాలుగు నోడ్లు కొంటే కొటేషన్‌లో 80 టీబీ అని ఉంటుంది. ప్రతి డేటాకూ రెండు కాపీలు కాబట్టి చేతికొచ్చేది 40. ఒక నోడ్ పోయినా మిగతా మూడింట్లో మళ్లీ రెండు కాపీలు పట్టాలంటే 30. అందులోనూ ఐదో వంతు ఖాళీగా ఉంచితే 24. మేం దీన్నే అసలు సామర్థ్యంగా రాసుకుంటాం. కంప్రెషన్, డీడూప్లికేషన్ (ఒకే డేటా మళ్లీ మళ్లీ ఉంటే ఒక్కసారే దాచడం) మీద అమ్మేవాళ్లు చూపించే నిష్పత్తిని ఇందులో కలపొద్దు. వీడియోలు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు, ముందే కుదించిన బ్యాకప్‌లు దాదాపు తగ్గవు. రెండు కాపీల బదులు ఎరేజర్ కోడింగ్ 3+1 (మూడు డేటా భాగాలకు, పోయినదాన్ని తిరిగి కట్టేందుకు ఒక అదనపు భాగం) పెడితే స్థలం మిగిలే మాట నిజమే. కానీ నాలుగే నోడ్లున్నప్పుడు ఒకటి పోతే, పోయిన భాగాన్ని తిరిగి కట్టుకోవడానికి మరో నోడ్ ఉండదు. అది పెట్టాలంటే ఐదు నోడ్లుండాలి.

డేటా మాత్రమే పెరుగుతూ ప్రాసెసర్ అవసరం పెరగని చోట హైపర్‌కన్వర్జ్‌డ్ ఖర్చు పెంచుతుంది. డిస్కుల కోసం కొన్న నోడ్‌తో కోర్లూ వస్తాయి, కోర్ల లెక్కన కట్టే లైసెన్సులూ వస్తాయి. పెద్ద డేటాబేస్‌లకు నా ఓటు ఇప్పటికీ కన్వర్జ్‌డ్‌కే: అరేకు డిస్కుల షెల్ఫ్ ఒకటి తగిలిస్తే సరిపోతుంది.

అప్‌గ్రేడ్ దగ్గర తూకం తిరగబడుతుంది. కన్వర్జ్‌డ్‌లో స్విచ్, అడాప్టర్ ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్), డ్రైవర్, హైపర్‌వైజర్ (సర్వర్ మీద వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్), అరే వెర్షన్లన్నీ తయారీదారు పట్టికతో సరిపోలాలి. ఫర్మ్‌వేర్ మార్చి డ్రైవర్ వదిలేస్తే స్టోరేజ్ దారులు ఉన్నట్టుండి తెగుతుంటాయి, కారణం వెంటనే దొరకదు. హైపర్‌కన్వర్జ్‌డ్‌లో ఒక్కో నోడ్ మీది వర్చువల్ మెషీన్లను సాఫ్ట్‌వేరే పక్క నోడ్లకు తరలించి, దాన్ని అప్‌గ్రేడ్ చేస్తుంది. ఇది చాలా సుఖం. అయితే వీశాన్‌లో పక్కకు తీసిన హోస్ట్ (నోడ్) 60 నిమిషాల్లో తిరిగి రాకపోతే డేటా పునర్నిర్మాణం మొదలై నెట్‌వర్క్ మీద బరువు పడుతుంది. మదర్‌బోర్డు మార్చడం లాంటి పొడుగు పని ఉంటే ఆ గడువును ముందే పెంచుకోవాలి. ఆ సమయంలో కొంత డేటాకు ఒక్క కాపీయే ఉంటుంది కాబట్టి బ్యాకప్ పూర్తయ్యాకే పని మొదలుపెట్టాలి.

నెట్‌వర్క్‌లో తరచూ కనిపించే తప్పు ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్ల లెక్క. హోస్టుల్లో 9000 పెట్టి ఒక్క స్విచ్ పోర్టులో 1500 వదిలేస్తే మామూలు పింగ్ వెళ్తుంది, స్టోరేజ్ మాత్రం నత్తనడక నడుస్తుంది. ప్యాకెట్ ముక్కలు (ఫ్రాగ్మెంట్) కాకుండా, హెడర్లు పోగా మిగిలే 8972 బైట్ల పింగ్ ప్రతి నోడ్ నుంచి ప్రతి నోడ్‌కూ పంపి చూడాలి. రెండు నోడ్ల క్లస్టర్ అయితే విట్‌నెస్‌ను (రెండు నోడ్ల మధ్య సంబంధం తెగితే ఏది కొనసాగాలో తేల్చేది) ఆ రెండింటి మీద కాకుండా మూడో చోట పెట్టాలి.

ఆర్డర్ ఇచ్చేముందు డెమోలో పూర్తి లోడ్ నడిపిస్తూ ఒక నోడ్ పవర్ లాగించండి. పునర్నిర్మాణం సాగుతున్నంతసేపూ లేటెన్సీ ఎంతకు పెరిగిందో రాసుకుని, మీ అప్లికేషన్ అంత ఆలస్యాన్ని తట్టుకుంటుందో లేదో అప్పుడే తేల్చుకోండి.