విడ్జెట్టా, విడి పేజీయా, ఉన్న సైటునే సరిచేయడమా: ఏది మేలు?

మా బాబాయికి రెండేళ్ల కిందట బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది, మాట చాలావరకు తిరిగొచ్చింది. అంకెలు మాత్రం తలలో నిలవడం లేదు. తెనాలిలో ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపి, పద్దుల పుస్తకం తియ్యకుండానే ఎవరి బాకీ ఎంతో చెప్పిన మనిషి. ఇప్పుడు మెసేజ్‌లో ఆరంకెల ఓటీపీ చూసి సైటులోకి తిరిగొచ్చేసరికి మూడంకెలే మిగులుతున్నాయి. ‘‘చదవడం వచ్చురా, టైపు చెయ్యడమూ వచ్చు. అక్కణ్నుంచి ఇక్కడికి మోసుకురావడమే చేతకావట్లేదు’’ అంటాడు.

నేను వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఉన్నాను. బాబాయి ఆ మాట అన్న కొన్నాళ్లకే మా దగ్గరికి ఒక పని వచ్చింది. మేధో వైకల్యం ఉన్న యువతకు చేతిపనులు నేర్పే ఒక ట్రస్టు, తమ దరఖాస్తును ఆన్‌లైన్‌లో పెట్టమంది. ‘‘నింపేది అమ్మానాన్నలే కదండీ’’ అన్నాడు మా ఆఫీసులో ఒకతను. ‘‘వాళ్లే నింపేట్టయితే కాగితం చాలు, ఈ ఖర్చు నాకెందుకు?’’ అన్నారు అక్కడి మేడమ్. పద్దెనిమిది దాటిన పిల్లలు తమంతట తాము నింపగలగాలి. అదీ షరతు.

మూడు దారులు కనిపించాయి. సైటు అలాగే ఉంచి, వైకల్యం ఉన్నవారికి వీలుగా మారుస్తానని చెప్పే ‘యాక్సెసిబిలిటీ విడ్జెట్’ ఒకటి పైన అతికించడం. సులువైన భాషలో విడిగా ఇంకో పేజీ పెట్టడం. లేదా అందరూ వాడే దరఖాస్తునే మార్చడం. మూడింటినీ ప్రయత్నించి చూశాం కాబట్టి చెబుతున్నాను.

విడ్జెట్

ఒక్క లైను కోడ్ అతికిస్తే చాలు, పేజీ మూలన మనిషి బొమ్మతో గుండ్రటి బటన్ వస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి, అక్షరాలు చదవడంలో తికమకపడేవారి కోసమంటూ ‘డిస్లెక్సియా ఫాంట్’ వస్తుంది. పని పది నిమిషాలు. నెలనెలా చందా.

మేం చూసిన వాటిలో ఆ డిస్లెక్సియా ఫాంట్ ఇంగ్లిషు అక్షరాలకే పనిచేసింది. తెలుగు పేరా ఉన్నట్టే ఉంది. అసలు మన లిపిలో తికమక వేరు. ప, ఫ, ష పక్కపక్కన పెట్టి చూడండి. మ, య చూడండి. ఘ, ఝ చూడండి. కింద వేలాడే ఒత్తులు, పైన నిలబడే గుడులు ఉండటంతో లైన్లు దగ్గరగా ఉంటే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. మాకు పనికొచ్చింది కొత్త ఫాంటు కాదు. అక్షరం కాస్త పెద్దది చేసి, లైన్ల మధ్య దూరం పెంచి, రెండు అంచులూ సమంగా ఉండాలన్న పట్టుదల మానేశాం. దీనికి చందా అక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ బటన్ నొక్కితే ఇరవై ముప్పై ఆప్షన్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఏది తనకు పనికొస్తుందో తేల్చుకోవడమే ఆ పిల్లలకు మరో పరీక్ష. ఎన్ని రంగులు మార్చినా లోపలి వాక్యం మారదు, గడువు మారదు, తప్పు వస్తే కనిపించే మెసేజ్ మారదు. అమెరికాలో ఈ విడ్జెట్లు అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, ఏ సైటునైనా తమ సాధనం యాక్సెసిబిలిటీ ప్రమాణాలకు సరిపోయేలా చేస్తుందని చెప్పుకున్నందుకు, అక్కడ వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో 10 లక్షల డాలర్లు కట్టమంది. మా జాబితాలోంచి ఇది మొదటి వారంలోనే పోయింది.

విడి పేజీ

దీన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. దీని వెనక మంచి సంప్రదాయమే ఉంది. స్వీడన్‌లో ‘ఎనిమిది పేజీలు’ అనే అర్థం వచ్చే పేరుతో సులువైన భాషలో ఒక వార్తాపత్రిక 1984 నుంచి నడుస్తోంది. జర్మనీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు తమ సైటులో ఏముందో సులువైన జర్మన్‌లోనూ, సైగల భాషలోనూ చెప్పాలని నిబంధన ఉంది. పద్ధతి తెలిసిందే: వాక్యానికి ఒకే సంగతి, పొట్టి లైన్లు, పక్కన ఆ సంగతి తెలిపే బొమ్మ. అలా రాసిన పేజీని ఆ భాష అవసరమైనవారికే చూపించి, అర్థమైందో లేదో అడిగి దిద్దుతారు. హాస్టల్ నియమాలు, ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు, ఓటు ఎలా వేయాలి వంటి చదివి తెలుసుకునే సంగతులకు దీన్ని మించింది లేదు.

దరఖాస్తుకు వచ్చేసరికి తేడా కొట్టింది. సులువైన పేజీ చక్కగా అన్నీ చెప్పి, చివర ‘ఇక్కడ నొక్కండి’ అని పాత కష్టమైన ఫారంలోకే పంపిస్తుంది. పెళ్లివారిని గుమ్మం దాకా మర్యాదగా తీసుకొచ్చి లోపల ఆకు వెయ్యనట్టు. పైగా రెండు పేజీలంటే రెండు చోట్ల దిద్దాలి. చివరి తేదీ వారం పొడిగించినప్పుడు అసలు పేజీలో మార్చాం, సులువు పేజీలో మర్చిపోయాం. గడువు అయిపోయిందనుకుని ఒకబ్బాయి దరఖాస్తు పెట్టడమే మానేశాడు. తప్పు పూర్తిగా మాదే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బాబాయి బయటపెట్టాడు. ‘సులభ భాష’ అన్న లింకు చూపించి నొక్కమన్నాను. ‘‘అదెవరికి? నాకు బుర్ర బానే ఉందిగా’’ అని వదిలేశాడు. మేధో వైకల్యం, ఆటిజం, డిస్లెక్సియా వంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు, పార్కిన్సన్స్ అన్నీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఉన్నాయి. కానీ సదరం క్యాంపుకు స్లాట్ పెట్టుకుని వైకల్యం సర్టిఫికెట్ తెచ్చుకునేవారు వేరు, మతిమరుపును వయసు మీదకు తోసేసి నెట్టుకొచ్చేవారు వేరు. రెండోవాళ్లు తమ కోసం పెట్టిన తలుపు దగ్గరికి రానే రారు.

ఉన్నదాన్నే మార్చడం

ఇక్కడే మాకు ఎక్కువ పని పడింది, ఎక్కువ ఫలితమూ వచ్చింది. ముందు మాటల సంగతి చెబుతాను, ఎందుకంటే తెలుగు సైట్లకు అసలు జబ్బు అక్కడే ఉంది.

మా మొదటి ముసాయిదాలో ఇలా ఉంది: ‘ఆధార్ ప్రతిని జతపరచనిచో దరఖాస్తు స్వీకరించబడదు.’ ఒకే వాక్యంలో రెండు కాదులు. చదివిన అమ్మాయి ‘‘జతపరచొద్దంటున్నారా?’’ అని అడిగింది. ‘ఆధార్ కాపీ పెట్టండి. అది లేకపోతే దరఖాస్తు తీసుకోలేం’ అని మార్చాక ఎవరూ అడగలేదు. ‘సమర్పించు’ పోయి ‘పంపండి’ వచ్చింది. ‘వీక్షించండి’ పోయి ‘చూడండి’ వచ్చింది. ‘ధ్రువీకరణ పత్రం’ తీసేసి సర్టిఫికెట్ అన్నాం, ఇంట్లో అనేది అదే కాబట్టి. అచ్చతెలుగు పెట్టాలని నాకూ ఉంటుంది గానీ, దానికి వేదిక దరఖాస్తు ఫారం కాదు.

తప్పు వచ్చినప్పుడు చెప్పే తీరు ఇంకా ముఖ్యం. ‘చెల్లని ఇన్‌పుట్’ అని ఎర్రగా కనబడగానే ఒకబ్బాయి ఫోను బల్ల మీద పెట్టేసి లేచిపోయాడు, తనేదో పాడుచేశాననుకుని. ఇప్పుడు ‘ఫోను నంబరులో 9 అంకెలే ఉన్నాయి. ఇంకొకటి వెయ్యండి’ అని ఆ గడి పక్కనే వస్తుంది. నింపిన మిగతా గడులు చెరిగిపోవు.

గడియారం కూడా తీసేశాం. చాలా సైట్లలో కాసేపు కదలిక లేకపోతే ‘సెషన్ ముగిసింది’ అని మొదటికి పంపిస్తారు. నెమ్మదిగా చదివేవారికి ఇది శిక్ష. సైట్లు వైకల్యం ఉన్నవారికీ అందేలా ఉండాలని రాసిన వెబ్ ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ ప్రకారం, గడువు పెడితే మామూలుగా దాన్ని తీసేసుకునే లేదా పెంచుకునే వీలుండాలి, లేదంటే ముందు హెచ్చరించి, ఒక్క నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. మేం అసలు గడువే పెట్టలేదు. చేరిక దరఖాస్తు ఏమన్నా బ్యాంకు లాకరా?

తర్వాత వచ్చింది మాలో మాకు గొడవ పెట్టిన ప్రశ్న: అన్నీ ఒకే పేజీలోనా, పేజీకి ఒక ప్రశ్నా? నేను పేజీకి ఒక ప్రశ్న అన్నాను. ఎదురుగా ఒక్కటే ఉంటే చూపు చెదరదు. ధ్యాస ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ ఉన్న ఒకమ్మాయికి అది హాయిగా కుదిరింది. బాబాయికి ఎదురు తిరిగింది. నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి మొదటి మూడింటికి ఏం చెప్పాడో గుర్తులేక, చూసుకోవడానికి వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రావడం మర్చిపోయేవాడు. చివరికి పేజీకి ఒకే సంగతికి చెందిన రెండు మూడు ప్రశ్నలు ఉంచి, కింద ‘ఇప్పటిదాకా మీరు చెప్పింది’ అని చూపించాం. అడ్రసు ఒకసారి అడిగాక మళ్లీ అడగలేదు. ఇద్దరికీ పూర్తిగా సరిపోయిందని చెప్పను. ఒకరికి మేలైంది ఇంకొకరికి అడ్డు కావడం ఈ పనిలో మామూలే.

బొమ్మలా, మాటలా అన్నదానికి జవాబు చిన్నదే: రెండూ. మూడు గీతలు చూసి అది మెనూ అని తెలియడం అలవాటు వల్లే. పక్కన ‘మెనూ’ అని రాస్తే ఎవరి సొమ్మూ పోదు.

లోపలికి వెళ్లే తలుపు

ఓటీపీ, పాస్‌వర్డ్, కాప్చా (మనిషో యంత్రమో తేల్చే చిన్న పరీక్ష), పాస్‌కీల్లో ఏది మేలు? 2023 అక్టోబరు 5న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 దీన్ని సూటిగా పట్టుకుంది. లాగిన్ కోసం గుర్తుపెట్టుకోవడం, చూసి ఎక్కించడం, పజిల్ విప్పడం వంటివి చేయించాలంటే వేరే దారి గానీ సాయం గానీ ఉండాలంది. పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించనివ్వడం, ఫోను దాచిన పాస్‌వర్డ్‌ను తానే నింపనివ్వడం సాయం కిందే లెక్క. భద్రత పేరు చెప్పి అతికించడాన్ని ఆపే సైట్లు బాబాయిలాంటివారి నెత్తిన రాయి వేస్తున్నట్టే. బస్సులూ సిగ్నళ్లూ గుర్తుపట్టమనే బొమ్మల కాప్చాను మాత్రం ఏఏ స్థాయిలో (ఏ, ఏఏ, ఏఏఏ అనే మూడింటిలో మధ్యది) ఉండనిచ్చారు. ఆ సడలింపు నాకు నచ్చలేదు. సగం చక్రం కనిపించే గడిని బస్సు అనాలో వద్దో నాకే తెలియదు.

ఓటీపీ తప్పదనుకుంటే, ఆ గడి ఓటీపీదేనని కోడ్‌లో ఒక ముక్క చెబితే చాలు, మెసేజ్‌లోని అంకెలను చాలా ఫోన్లు కీబోర్డు పైనే చూపిస్తాయి. తాకితే నిండిపోతుంది, మోసుకురావడం ఉండదు. అన్నిటిలో తేలిక పాస్‌కీ. ఫోను తెరిచినట్టే వేలిముద్రతో సైటు తెరుచుకుంటుంది. కానీ ఒకే ఫోను నలుగురు వాడే ఇంట్లో వేలిముద్ర ఎవరిదన్న పేచీ వస్తుంది, ఫోను మారితే అయోమయం. మనిషికో ఫోను ఉన్నచోట పాస్‌కీ, లేనిచోట తానే నిండే ఓటీపీ, ఆ తర్వాతే పాస్‌వర్డ్ అంటాను.

మా దరఖాస్తు విషయంలో మేడమ్ ఒక్క మాటతో తేల్చేశారు: ‘‘మా దగ్గర చేరడానికి లాగిన్ ఎందుకండీ?’’ నిజమే. తీసేశాం. మధ్యలో ఆపినవారికి మెసేజ్‌లో ఒక లింకు వెళ్తుంది. నొక్కితే ఆపినచోటే తెరుచుకుంటుంది.

మరి ఏది?

ఉన్న దరఖాస్తును సరిచేయడమే. డబ్బు, ఓపిక మిగిలితే చదివి తెలుసుకునే ఒకటి రెండు సంగతులకు విడి పేజీ. విడ్జెట్‌కు పైసా వద్దు. వేల పాత పేజీలున్న పెద్ద ఆఫీసుకైతే నేను చెప్పే వరస మారుతుంది. అన్నీ మార్చేదాకా జనాన్ని ఆపలేరు. ఎక్కువమంది వాడే ఒక్క ఫారాన్ని ముందు సరిచేసి, మిగతావాటికి విడి పేజీలతో నెట్టుకురావచ్చు. ఒక జాగ్రత్త: సరిచేస్తున్నాం కదా అని బటన్ల చోట్లు మార్చకండి. అలవాటు మీదే ఆధారపడి బతికేవారికి కొత్త డిజైన్ అంటే కొత్త ఊరే.

ప్రమాణాలు పాటించామని ధీమాగా ఉండటానికీ లేదు. మన ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు జీఐజీడబ్ల్యూ 3.0 అడిగేది డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ స్థాయి. లాగిన్ గురించిన నియమం దాని తర్వాతి 2.2లో వచ్చింది. తేలిక భాష గురించిన నియమం పైనున్న ఏఏఏ స్థాయిలో ఉంది, దాన్ని అడిగేవారు తక్కువ. అందుకే తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పరీక్ష నెగ్గిన సైటు కూడా బాబాయిలాంటివారికి కొరుకుడు పడకపోవచ్చు. ఆ తేడా తెలియాలంటే అలాంటివారిని పక్కన కూర్చోబెట్టుకుని, సాయం చెయ్యకుండా నోరు కట్టుకుని చూడాలి. నాకు కోడ్ రాయడం కన్నా అదే కష్టమైంది.

మొన్న బాబాయి మా దరఖాస్తును ఉత్తుత్తిగా మొదటినుంచి చివరిదాకా ఒక్కడే నింపి పంపాడు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఊపులో కరెంటు బిల్లు కూడా తనే కడతానని ఇంకో సైటు తెరిచాడు. వంకర అక్షరాల కాప్చా వచ్చింది. కాసేపు చూసి ఫోను పిన్ని చేతికిచ్చాడు.