హల్‌కు ఏది మేలు: చేపా, గాలా?

ఉత్తర ఇంగ్లండులో హంబర్ ఒడ్డున ఉన్న రేవు పట్టణం హల్. ఒకప్పుడు చేపల వేటకు పెట్టింది పేరు, ఇప్పుడు గాలిమరల రెక్కలు చేస్తోంది. పాత రోజులే బాగుండేవనే పెద్దలు అక్కడా ఉన్నారు. నేను ఒప్పుకోను గానీ, వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు.

వేట అంటే మూడు వారాలు ఐస్‌లాండ్ వైపు గడ్డకట్టే చలిలో, మూడు రోజులు ఇంట్లో. ఆ కాస్తలోనే చేతికొచ్చింది ఖర్చుపెట్టేవాళ్లు కాబట్టి 'మూడు రోజుల కోటీశ్వరులు' అని పేరుపడ్డారు. వలలు అల్లే ఆడవాళ్లు, చేపలు పొగబెట్టేవాళ్లు, దుకాణాలు... జాలర్ల కుటుంబాలుండే హెస్సెల్ రోడ్డంతా ఆ డబ్బు మీదే బతికింది. మగవాడు ఓడెక్కిన రోజు ఇంట్లో బట్టలు ఉతికేవారు కాదు, ఉతికితే మనిషి కొట్టుకుపోతాడని. భయం ఊరికే పుట్టలేదు. 1968 జనవరి, ఫిబ్రవరిల్లో మూడు ఓడలు మునిగి 58 మంది పోయారు. అందులో ఒక ఓడకు రేడియో ఆపరేటరే లేడు! జాలరి కుటుంబానికి చెందిన లిలియన్ బిలోక్కా వెంట ఆడవాళ్లు లండన్ దాకా వెళ్లి నిలదీశాకే భద్రత గురించి కదలిక వచ్చింది. 1976లో ఐస్‌లాండ్ తన తీరం చుట్టూ 200 నాటికల్ మైళ్లలో చేపలు పట్టే హక్కు తనదేనని నెగ్గించుకోవడంతో వేట కుప్పకూలింది. ఎన్నేళ్లు చేసినా లెక్కకు రోజుకూలీలే కదా, చాలామందికి పైసా పరిహారం రాలేదు. పరిహారం పథకం వచ్చేసరికి 2000 సంవత్సరం అయింది.

గాలి సంగతి వేరు. హల్ రేవులోని అలెగ్జాండ్రా డాక్‌లో రెక్కలు చేసే సీమెన్స్ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. అచ్చులో గాజుపీచు, తేలికైన బాల్సా చెక్క మనుషులే చేత్తో పరుస్తారు. గట్టిపడే జిగురులాంటి రెజిన్ ఎక్కించాక రెక్క అతుకు లేకుండా ఒకే ముక్కగా బయటికొస్తుంది. మొదట్లో 75 మీటర్లవి చేసేవారు, ఇప్పుడు 108 మీటర్లవి చేస్తున్నారు. షిఫ్టు అవగానే ఇంటికి రావచ్చు. నా ఓటు అందుకే దీనికి. కాకపోతే ఒకే కంపెనీ, ఒకే సరుకు. సముద్రంలో కొత్త గాలిమరలకు ప్రభుత్వ వేలం చల్లబడితే ఆర్డర్లూ చల్లబడతాయి. చేప చుట్టూ అల్లుకున్నంత బతుకు రెక్క చుట్టూ ఇంకా అల్లుకోలేదు.

ఈ వాదనలో ఎవరూ తలవని మూడోది రెకిట్. 1840లో హల్‌లో గంజిపొడితో మొదలైన ఈ కంపెనీదే మన ఇళ్లలోని డెట్టాల్, హార్పిక్, తెల్లబట్టలకు పెట్టే రాబిన్ బ్లూ. వేట పోయినప్పుడూ, రెక్కలు రాకముందూ ఊళ్లో జీతాలిచ్చింది. ప్రధాన కార్యాలయం ఎప్పుడో తరలిపోయినా, పరిశోధన కేంద్రం మాత్రం ఇంకా హల్‌లోనే ఉంది.