నాసిక్ వైనరీల డే టూర్: రెండు వైనరీలు చాలు, మంచి గైడ్ ముఖ్యం

నాసిక్‌లో వైనరీలు చూడటానికి గైడ్ ఉన్న టూర్ తీసుకోవాలా, క్యాబ్ మాట్లాడుకుని మనమే తిరిగేయొచ్చా? షిర్డీ, త్రయంబకేశ్వరం వెళ్తూ ఒక రోజు కలుపుకుందామనుకునే మన హైదరాబాద్ వాళ్లకు వచ్చే మొదటి సందేహం ఇదే. జనవరి నుంచి మార్చి మధ్య వెళ్తే టూరే తీసుకోండి. కానీ ఒకే రోజులో మూడు, నాలుగు వైనరీలు చూపిస్తామనే ప్యాకేజీ మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

మేం నలుగురం వెళ్లాం: నేను, మా ఆవిడ, వాళ్ల అక్క, బావగారు. వదిన అసలు తాగదు. తాగని మనిషికి ఈ టూర్‌లో ఏముంటుందని మొదట కొంచెం తటపటాయించాం కానీ చివరికి అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆవిడే. టూర్ వాళ్లు ఉదయం హోటల్ దగ్గరికే ఇన్నోవా పంపారు. కారు, గైడ్, టేస్టింగ్ టికెట్లు ప్యాకేజీలోనే ఉన్నాయి, భోజనం లేదు.

గైడ్ ద్రాక్ష రైతుల ఇంటి కుర్రాడు, నాసిక్ దగ్గరే దిందోరి వైపు వాళ్లది. హిందీ, ఇంగ్లీష్ కలిపి మాట్లాడాడు. నేరుగా వైనరీకి తీసుకెళ్లకుండా దారిలో ఒక రైతు తోట దగ్గర కారు ఆపించాడు. అక్కడి పెద్ద వైనరీలు సొంత తోటలతో సరిపెట్టుకోవు, చుట్టుపక్కల రైతులతో కాంట్రాక్ట్ రాసుకుని వాళ్ల పంట కూడా తీసుకుంటాయి. అలాంటి తోటే అది. మన వైపు ద్రాక్షతోట అంటే తలపైన పందిరి, కింద నీడ. హైదరాబాద్ శివార్లలో అనాబ్-ఎ-షాహీ తోటలు చూసిన పెద్దవాళ్లకు అదే గుర్తుంటుంది. ఇక్కడ పందిరి లేదు. ద్రాక్షతీగలు వరుసగా వైరు కంచెల మీద నిలువుగా పైకి పాకి ఉన్నాయి, గుత్తులు మోకాలికి కాస్త పైన వేలాడుతున్నాయి. గైడ్ షిరాజ్ అనే రెడ్ వైన్ రకం ద్రాక్ష, నల్లటి పండు ఒకటి కోసి మా ముందే వేళ్లతో నొక్కాడు. తొక్క అంత నల్లగా ఉన్నా లోపలి రసానికి దాదాపు రంగే లేదు! రెడ్ వైన్‌కి ఆ రంగు తొక్కనుంచే వస్తుందట, అందుకే రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారు. వైట్ వైన్‌కైతే ముందే పిండి తొక్కలు తీసేస్తారు, గులాబీరంగులో ఉండే రోజే వైన్‌కి కొన్ని గంటలు మాత్రమే తొక్కలతో ఉంచుతారు. తర్వాత గింజను కొరకమన్నాడు. గింజ పచ్చగా ఉంటే కోతకు ఇంకా టైమ్ ఉన్నట్టు, గోధుమరంగుకు తిరిగితే దగ్గరపడినట్టు. పండు చిన్నది, గింజలు ఎక్కువ, తొక్క మందం, తీపి మాత్రం మనం బజార్లో కొనే ద్రాక్షకంటే బాగా ఎక్కువ. ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది.

ఇంకో విషయం మా బావగారికి బాగా నచ్చింది, ఆయన సొంతంగా మామిడితోట చూసుకునే మనిషి కాబట్టి. యూరప్‌లో చలికాలంలో ద్రాక్షతీగ నిద్రపోతుంది, నాసిక్‌లో అంత చలి ఉండదు కాబట్టి తీగకు విశ్రాంతి దొరకదు. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, వర్షాలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి కత్తిరిస్తారు, కానీ పంట ఒక్కటే తీస్తారు. యూరప్‌లో కోత ఎక్కువగా సెప్టెంబర్ ప్రాంతంలో ఉంటే ఇక్కడ జనవరి నుంచి మార్చి వరకు. మీరు జూలైలోనో ఆగస్టులోనో వెళ్తే పచ్చదనం అద్భుతంగా ఉంటుంది, గుత్తులు మాత్రం కనిపించవు. ఈ తోట భాగమే టూర్‌కి ప్రాణం, సొంతంగా క్యాబ్‌లో వెళ్తే మనకు దొరకనిది కూడా ఇదే.

అక్కడినుంచి సులా వైన్‌యార్డ్స్. అమెరికాలో చదివి, అక్కడే ఉద్యోగం చేసి తిరిగొచ్చిన రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సంస్థ, వాళ్ల అమ్మగారి పేరు సులభ, ఆ పేరే కుదించి పెట్టారు. 2000లో మొదటి వైన్లు బయటికి వచ్చాయి. ఇప్పుడు అది ఎంత పెద్దదైందంటే వారాంతాల్లో జాతరే, అందుకని వారం మధ్యలో వెళ్లండి. లోపల స్టీల్ ట్యాంకుల గది చల్లగా ఉంటుంది, వైట్ వైన్ వాసన పోకుండా ఉండాలంటే తక్కువ ఉష్ణోగ్రతలో నెమ్మదిగా పులవాలి కాబట్టి ట్యాంకులను చల్లబరుస్తూనే ఉంటారు. పీపాల గదిలోకి అడుగుపెట్టగానే ఓక్ చెక్క వాసన, పులిసిన పండు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. టేస్టింగ్‌లో కొంచెం కొంచెమే పోస్తారు. తేలికైన వైట్‌తో మొదలుపెట్టి రెడ్ వైపు వెళ్లి, చివర్లో తియ్యటిది ఇస్తారు. సావిన్యో బ్లాంక్ అనే వైట్ వైన్ పుల్లగా, పచ్చి గడ్డి వాసనతో చాలా బాగుంది. ఓక్ పీపాల్లో ఉంచిన షిరాజ్ తాగితే నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టు వగరు. మా ఆవిడకు అదే నచ్చింది, నాకు వైటే నచ్చింది. మింగాలని రూలేం లేదు, రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకండి.

రెండోది యార్క్. ఇది సులాకి దగ్గర్లోనే ఉంది, 2021లో సులా వాళ్లే కొన్నారు. చిన్నగా, ప్రశాంతంగా ఉంటుంది, ముందు గంగాపూర్ డ్యామ్ నీళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్లు గోదారి నీళ్లే! త్రయంబకం కొండల్లో పుట్టి ఇక్కడికొచ్చి ఆగి, ఆపైన మన బాసర, భద్రాచలం, రాజమండ్రి వైపు వస్తాయి. వదిన ద్రాక్షరసం గ్లాసు పట్టుకుని ఆ గట్టు వైపే చూస్తూ కూర్చుండిపోయింది. మాకు సాయంత్రం దాకా అక్కడే ఉండాలనిపించింది.

టూర్ మీద నా కంప్లెయింట్ ఇక్కడే. డ్రైవర్‌కి ఫోన్ల మీద ఫోన్లు, మూడో వైనరీకి టైమ్ అవుతోందని. సగం తాగిన గ్లాసులు వదిలేసి లేచాం. ఆ మూడో చోట తోట లేదు, ట్యాంకులు చూపించలేదు, కౌంటర్ దగ్గర నిలబెట్టి రెండు గుక్కలు పోసి సీసాలు కొనమని ఒకటే బలవంతం. పైగా అప్పటికి నాలుక మొద్దుబారిపోతుంది, ఏది తాగినా ఒకేలా ఉంటుంది. గైడ్ కూడా ఇబ్బందిగా పక్కకి వెళ్లి నిలబడ్డాడు, తప్పు అతనిది కాదు, ప్యాకేజీ వేసిన ఆఫీసుది. ఆ గంటన్నర యార్క్‌లో ఉండనిచ్చుంటే నేను ఈ టూర్‌కి ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ని, ఇప్పుడు మూడున్నరే. ఆ మూడున్నరా గైడ్‌కీ తోటకీ.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి తోటలోకి తీసుకెళ్తారా, ఒక్కో చోట ఎంతసేపు ఉంచుతారు, భోజనం ఎక్కడ, ఈ మూడూ అడగండి. సమాధానం నసిగితే వేరేవాళ్లని చూసుకోండి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లొద్దు, పోహానో (అటుకుల టిఫిన్), మిసళో (పావ్‌తో తినే మొలకల కూర) గట్టిగా తిని బయల్దేరండి. నాసిక్ మిసళ్ కారంగా ఉంటుంది, మనకి ఇబ్బందేం ఉండదు. మహారాష్ట్రలో వైన్ తాగాలంటే 21 ఏళ్లు నిండాలి, కాలేజీ పిల్లలు ఐడీ కార్డు పట్టుకెళ్లాలి. డ్రై డే, అంటే మద్యం అమ్మని రోజు, ఉందేమో క్యాలెండర్ చూసుకోండి, అక్టోబర్ 2 లాంటి రోజున వెళ్తే టేస్టింగ్ ఉండదు. సీసాలు ఇంటికి తెచ్చుకోవాలంటే మన రాష్ట్ర ఎక్సైజ్ రూల్స్ ముందే కనుక్కోండి, విమానంలోనైతే చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టాలి. త్రయంబకేశ్వర దర్శనం, వైనరీలు ఒకే రోజు పెట్టుకోకండి. దర్శనం క్యూ ఎప్పుడు తేలుతుందో చెప్పలేం, ఆ టెన్షన్‌లో రెండూ చెడతాయి.

ఇగత్‌పురి వైపు వలోనే, గ్రోవర్ జంపా వాళ్ల వైనరీలు ఉన్నాయి. ముంబై నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లకు అవి దారిలోనే పడతాయి. ఈసారి మాకు కుదరలేదు. వచ్చే ఫిబ్రవరిలో ఆ రెండిటికే ఒక రోజు పెట్టుకుని, అదే గైడ్‌ని విడిగా మాట్లాడుకుంటాం.