ఎషర్ సొరంగం చూడాలంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి

స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కొండలు దాటే గోత్తార్డ్ రైలు చూపిస్తామని ప్యాకేజీలు అమ్మే కొందరు ఏజెంట్లు జ్యూరిక్‌లో లుగానో ఎక్స్‌ప్రెస్ ఎక్కించి చేతులు దులుపుకుంటారు. అది 2016లో తెరిచిన 57 కి.మీ. సొరంగంలో దూరి, దాదాపు ఇరవై నిమిషాలు చీకటి చూపించి అవతల తేలుతుంది. కొండల కోసం కెమెరా పట్టుకున్నవాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి!

పంతొమ్మిదో శతాబ్దపు స్విస్ నాయకుడు, రైల్వేల వ్యాపారి ఆల్ఫ్రెడ్ ఎషర్ డబ్బు కూడగట్టి తవ్వించింది ఇది కాదు. అది పైన, గోషెనెన్ నుంచి ఐరోలో దాకా 15 కి.మీ. దానికి పాత లైను మీద నడిచే ట్రెనో గోత్తార్దో రైలు ఎక్కాలి. జ్యూరిక్ నుంచి వచ్చే బండికి బోర్డు మీద ఐఆర్ 46 అని ఉంటుంది. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. వాసెన్ దగ్గర లైను మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి ఒకే చర్చి ముందు పైన, తర్వాత ఎదురుగా, చివరికి కింద కనబడుతుంది. పిల్లలు విసుక్కోకుండా ఇదొక్కటే చాలు.

ఈ ఒక్క రోజు కోసం మూడు రోజుల స్విస్ ట్రావెల్ పాస్ (2024లో 244 ఫ్రాంకులు) కొనడం దండగ. ఒక్క రోజుకు పనికొచ్చే సేవర్ డే పాస్ 2024లో 52 ఫ్రాంకుల నుంచి మొదలు. ఆర్నెల్ల ముందే అమ్మకానికి పెడతారు, ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది.

ఐరోలోలో తప్పక దిగండి. స్టేషన్ దగ్గరే సొరంగం తవ్వుతూ చనిపోయిన కూలీలకు విన్చెంజో వెలా చెక్కిన స్మారకం ఉంది. గోత్తార్డ్ లైనుకు వేసిన 18.7 కోట్ల ఫ్రాంకుల అంచనా చాలక ఇంకో 10 కోట్లకు పైగా తక్కువపడితే, ఆ నింద మోసి 1878లో ఎషర్ రైల్వే కంపెనీలో తన పదవి వదులుకున్నాడు. 1880లో రెండు వైపుల తవ్వకం కలిసినప్పుడు ఆయన్ని పిలవనే లేదు. 1882 మేలో ప్రారంభానికి పిలిచారు గానీ అప్పటికి మంచాన పడ్డాడు, ఆ డిసెంబరులోనే పోయాడు. ప్రాణాలు పోయింది మాత్రం కూలీలవి. 1875లో గోషెనెన్‌లో సమ్మె చేస్తే కాల్పుల్లో నలుగురు చనిపోయారు. జ్యూరిక్‌లోని ఎషర్ విగ్రహం కన్నా ముందు ఈ స్మారకం చూడాలని నా మాట.

విగ్రహం జ్యూరిక్ మెయిన్ స్టేషన్ బయటే, 1889 నాటిది. ఫొటోకి రెండు నిమిషాలు చాలు. ఆయన పెట్టిన క్రెడిట్ స్విస్ బ్యాంకు 2023లో యూబీఎస్ బ్యాంకులో కలిసిపోయింది, పరాడెప్లాట్స్ కూడలిలో దాని పాత భవనం బయటినుంచి చూసి వచ్చేయొచ్చు. ఎంగె స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే బెల్వుఆర్ పార్కు ఆయన పెరిగిన ఇంటి తోట, ప్రవేశం ఉచితం. అక్కడి విల్లా రెస్టారెంట్ మన బడ్జెట్‌కి అందదు. స్టేషన్ పక్క సూపర్‌మార్కెట్‌లో రొట్టె కొనుక్కుని చెట్ల కింద కూర్చోండి.