వందేళ్ల మైయ్యల హోటల్: బెంగళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్

తెలుగువారికి హోటల్ అనగానే బస చేసే చోటు కంటే ముందుగా టిఫిను తినే చోటు గుర్తుకు వస్తుంది. ఆ అర్థంలో నేను ఎవరికైనా మొదట చెప్పే పేరు బెంగళూరులో లాల్‌బాగ్ తోటకు దగ్గరలో ఉన్న మావళ్ళి టిఫిన్ రూమ్స్, అంటే అందరి నోట నలిగిన ఎం.టి.ఆర్. ఉడుపి ప్రాంతం నుంచి వంటపనికి బెంగళూరు వచ్చిన మైయ్య కుటుంబపు అన్నదమ్ములు 1924లో దీనిని స్థాపించారు. మొదట దీని పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. 1960లో ఇప్పుడున్న చోటికి మారినప్పుడు ప్రస్తుతపు పేరు వచ్చింది.

ఈ హోటల్‌కు తన తీరును ఇచ్చినవారు ఆ అన్నదమ్ములలో ఒకరైన యజ్ఞనారాయణ మైయ్య. ఆయన 1951లో ఐరోపా వెళ్లి, అక్కడి భోజనశాలల పరిశుభ్రతను శ్రద్ధగా గమనించి వచ్చి, ఇక్కడ పాత్రలను ఆవిరితో శుద్ధి చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. తినడానికి వచ్చినవారు వంటగదిని తమ కళ్లతో చూసేలా చేయడం కూడా ఈ హోటల్‌కు ప్రత్యేకతగా నిలిచింది. వండే చోటును దాచుకోవలసిన అవసరం లేకుండా నడపడం ఎంత కష్టమో ఇంట్లో నలుగురికి వండేవారికి సైతం తెలుసు గనుక, రుచి కంటే ముందు నేను మెచ్చుకునేది ఈ విషయాన్నే.

రవ్వ ఇడ్లీ గురించి మనవారికి కొంత వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో ఇడ్లీని మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి చేయడం మామూలే కాబట్టి ఈ పేరు వినగానే ఇందులో కొత్తేముందని అనిపించవచ్చు. కానీ ఇది బొంబాయి రవ్వతో చేసేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరకడం కష్టమైనప్పుడు ఇడ్లీని మానేయకుండా, రవ్వతో చేసి చూసినప్పుడు ఇది పుట్టిందని హోటల్‌వారు చెబుతారు. వేయించిన రవ్వను పెరుగులో కలిపి, ఆవాల తాలింపు, జీడిపప్పు, కొత్తిమీర చేర్చి ఆవిరి మీద ఉడికించే ఈ ఇడ్లీకి పిండి రుబ్బి రాత్రంతా పులియబెట్టే పని లేదు. సాగు అని కన్నడిగులు పిలిచే బంగాళాదుంప కూర, పచ్చని చట్నీ, మీద కొంచెం నెయ్యి కలిసినప్పుడు ఆ పుల్లదనం, గరుకుదనం రెండూ చక్కగా తెలుస్తాయి. కరవు కాలపు సర్దుబాటు ఇంత రుచిగా ఉంటుందని తిన్న తర్వాతే నమ్మకం కలిగింది.

రెండో ఇబ్బంది ఎమర్జెన్సీలో వచ్చింది. ప్రభుత్వం హోటళ్ల ధరలను బాగా తగ్గించి నిర్ణయించినప్పుడు, ఆ ధరకు సరిపోయేలా నాణ్యతను తగ్గించడానికి మైయ్యలు ఒప్పుకోక హోటల్‌నే మూసివేశారు. పనివారికి ఉపాధి పోకుండా పక్కనే మసాలా పొడులు, రవ్వ ఇడ్లీ మిశ్రమం వంటివి పొట్లాలుగా కట్టి అమ్మడం మొదలుపెట్టారు. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా నేడు కిరాణా కొట్లలో కనిపించే ఆ ప్యాకెట్ల కథ మొదలైంది అక్కడే. ఆ ప్యాకెట్ల వ్యాపారం 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా సంస్థకు వెళ్లింది కానీ, తర్వాత మళ్లీ తెరిచిన హోటల్ మాత్రం కుటుంబం చేతిలోనే ఉంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ తేడాను ప్రత్యేకంగా చెబుతున్నాను.

చిన్న గిన్నెలో నెయ్యితో వచ్చే దోసె, బిసిబేళె బాత్, చిక్కని ఫిల్టర్ కాఫీ తప్పక రుచి చూడదగినవి. సోమవారం హోటల్ మూసి ఉంటుంది. సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి తీరిగ్గా తినాలనుకునేవారు మిగిలిన రోజుల్లో ఉదయాన్నే వెళ్లడం మంచిది. అయితే మన మడత కాజాలా పొరలు పొరలుగా వేగి, మీద కోవా కలిపిన చిక్కటి పాలతో వచ్చే చంద్రహార అనే తీపి ఆదివారం మాత్రమే దొరుకుతుంది. దాని కోసమైతే నేను ఆ వరుసలో సంతోషంగా నిలబడతాను.