మైన్‌క్రాఫ్ట్‌లో చెరకు తోట: చిత్తూరోడి రివ్యూ

మా నాయన చిత్తూరు పక్కన చెరకేసి బెల్లం వండేవాడు, నేనేమో ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటలో చెరకు తోట వేశా. నీళ్ల పక్కనే మట్టిలోనో ఇసుకలోనో నాటితే 3 బ్లాకుల ఎత్తు పెరుగుతుంది, మొదలు వదిలేసి పైది కొట్టుకుంటే మళ్లీ వస్తుంది. అచ్చం మన కార్శి తోటే (కొట్టిన మొదళ్ల నుంచే మళ్లీ మొలిచే తోట), కాకపోతే మనకి రెండు మూడు కార్శిలకే తోట నీరసపడిపోతుంది, అక్కడ ఎన్ని కోతలైనా అదే మొదలు.

అసలు మజా కోతలో ఉంది. చెరకు రెండో బ్లాకు ఎదురుగా పిస్టన్ (ముందుకు తోసే బ్లాకు), దాని మీద చెరకు వైపు చూసేలా అబ్జర్వర్ (ఎదుట మార్పు వస్తే సిగ్నల్ ఇచ్చే బ్లాకు), పిస్టన్ వెనక బ్లాకు మీద చిటికెడు రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటు తీగలా పనిచేసే పొడి) పెడితే చాలు, చెరకు మూడో బ్లాకుకి రాగానే టక్‌మని నరికేస్తుంది, కింద హాపర్ (పడినవాటిని లాక్కునే గరాటు) ఉంటే ముక్కలు పెట్టెలోకి పోతాయి. నేను మొదట అబ్జర్వర్‌ని తిప్పి పెట్టి అరగంట బుర్ర గోక్కున్నా. ఆ అబ్జర్వర్ తయారీకి కావాల్సిన క్వార్ట్జ్ రాయి కోసం నెదర్ అనే ఆటలోని నరకలోకానికి వెళ్లి రెండుసార్లు చచ్చా కూడా!

నచ్చనిది ఒక్కటే, మనం దూరం పోతే తోట పెరగడం ఆగిపోతుంది. నాయనకి చెబితే "అయితే కాపలా తప్పదన్నమాట" అన్నాడు. పెట్టె నిండా చెరకున్నా చక్కెర, కాగితమే వస్తాయి, బెల్లం రాదు. అందుకే ఐదుకి నాలుగు.